లాభం, రెండు, మూడు

ఇప్పుడు మా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగుతుంది. మొన్ననే కొత్తది పెట్టారు. తలుపుకి అద్దం, లోపల ఫాను, ఏ అంతస్తొచ్చిందో చెప్పే ఆడగొంతు. బ్లాకంతా సంబరపడిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా గీతాంజలి చెవుల్లో పాట పెట్టుకుని, ఏడు నొక్కి, కన్నుమూసి తెరిచేలోగా ఇంట్లో ఉంటోంది. దానికి పదమూడేళ్ళు. నాతో మాట్లాడ్డానికి దారిలో ఇప్పుడు దానికి తీరికెక్కడ ఉంది?

పాత లిఫ్టు ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడు, ఈ నాలుగుచోట్లే ఆగేది. మాది ఏడు. అయిదులో దిగి ఎక్కినా రెండంతస్తులే, తొమ్మిదిలో దిగి కిందికొచ్చినా రెండంతస్తులే. సింగపూర్‌లో, ఈ బుకిట్ బటోక్‌లో మా బ్లాకుని గీసిన మహానుభావుడెవరోగానీ, ఏడో అంతస్తువాళ్ళతో అతనికి పాత కక్షలేవో ఉన్నట్టున్నాయి. కూరగాయల సంచులు మోసుకుంటూ ఎక్కేటప్పుడు అతన్ని నేను తిట్టని తిట్టు లేదు. బాపట్లలో నేర్చుకున్నవన్నీ ఆ మెట్లమీదే ఖర్చుపెట్టాను.

ఆ మెట్లే లేకపోతే నాకు కూతురు ఉండేది కాదు. కనడం ఎప్పుడో కన్నాను. దక్కేది కాదు అంటున్నాను.

గీతాంజలికి తొమ్మిది నెలలప్పుడు దాన్ని మా అమ్మ దగ్గర వదిలి సింగపూర్ వచ్చాను. తొంభై అయిదు సంగతి. సాఫ్ట్‌వేర్ వాళ్ళని పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులు. "ఒక్క ఏడాదేనమ్మా" అన్నాను. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తప్పు చదువుతాయని తర్వాత తర్వాత లోకమంతా భయం పట్టుకుంది. పాత ప్రోగ్రాములు ముందేసుకుని, ఏడాదికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు చెయ్యడం మా పని. మా ఆయన జనార్ధనరావు కూడా అదే పనిమీద జకార్తాలో ఒక బ్యాంకులో ఉండేవాడు. రెండు వారాలకోసారి వచ్చి, నిద్రపోయి వెళ్ళేవాడు. ఒక్క ఏడాది రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఏటా పదిరోజులు సెలవు పెట్టి వెళ్ళి, పిల్లకి బొమ్మలిచ్చి వచ్చేదాన్ని.

తొంభైతొమ్మిది జూన్‌లో అమ్మే పిల్లని తీసుకొచ్చి, నెల్లాళ్ళుండి, అప్పగించి వెళ్ళింది. మా అమ్మ తారాదేవికి బాపట్లలో బియ్యం కొట్టు ఉంది. నాన్న పోయాక తనే నడుపుతోంది. కొట్టు మూసుకుని ఎన్నాళ్ళని ఉంటుంది? వెళ్ళే రోజున పిల్ల జడ వేస్తూ ఖరాఖండీగా చెప్పింది.

"డిసెంబర్లో మీ అన్నయ్య రొయ్యల పనిమీద ఇక్కడికొస్తాడు. అప్పటికి పిల్ల కుదురుకుందా, సరే. లేదా, వాడితో పంపించెయ్. అక్కడ బళ్ళో వేస్తాను. పసిదాన్ని నలగనివ్వను. నీ బిడ్డయినా సరే."

ఆ చివరి మాటకి నాకు కోపం రావాలి. అసలే నాది ముక్కుమీద కోపం. కానీ రాలేదు. ఎందుకంటే పిల్ల మా అమ్మని అమ్మా అంటోంది, నన్ను సుమలతా అంటోంది. ఇంట్లో అందరూ నన్నలాగే పిలుస్తారు, అదీ అలాగే నేర్చుకుంది. దాని తప్పేముంది?

అమ్మ వెళ్ళిపోయాక గీతాంజలి మా ఇంట్లో చుట్టంలా ఉండేది. కుర్చీ చివర కూర్చునేది. పెట్టింది తిని, చాలు అనేది. మంచినీళ్ళు కావాలన్నా అడిగేది కాదు, వంటింటి గుమ్మంలో నిలబడి నేను చూసేదాకా ఆగేది. ఏడిస్తే బాగుండేది. ఏడ్చే పిల్లనైతే ఎత్తుకోవచ్చు. జూకి తీసుకెళ్ళాను, పక్షుల పార్కుకి తీసుకెళ్ళాను, దానంత ఎత్తు బొమ్మ కొన్నాను. అన్నీ మర్యాదగా చూసింది. బొమ్మని మూల నిలబెట్టి దానిమీద తువ్వాలు కప్పింది.

పగలంతా దాన్ని చాముండేశ్వరి ఆంటీ చూసుకునేది. ఆవిడ ఉండేది అయిదో అంతస్తులో, లిఫ్టు పక్క ఫ్లాటులో. వాళ్ళ నాన్న ఎప్పుడో మలయా రబ్బరు తోటలకని విశాఖ వైపునుంచి వచ్చాడట. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలయ్.

"ఏం పిల్లమ్మా ఇది, సత్తమే చెయ్యదు, నోరే విప్పదు. మకాన్ పెడితే తింటాది, పడుకోమంటే పడుకుంటాది. ఆర్మీలో పెట్టొచ్చు" అనేది ఆంటీ.

పొద్దున్న ఏడుంపావుకి నేను గీతాంజలిని ఆంటీకి అప్పగించి అక్కడే లిఫ్టెక్కి పోయేదాన్ని. పక్క బ్లాకు కింద ఉన్న కిండర్‌గార్టెన్‌కి ఆంటీయే తీసుకెళ్ళి తెచ్చేది. సాయంత్రం నేనొచ్చేసరికి స్నానం చేయించి, అన్నం పెట్టేసి ఉంచేది. ఇంటికి తెచ్చి పక్కమీద వెయ్యగానే పిల్ల నిద్రపోయేది. అంటే ఏమిటి? నాకూ నా కూతురికీ రోజు మొత్తంమీద ఉన్నది ఆ రెండంతస్తుల మెట్లే. పొద్దున్న దిగడం, సాయంత్రం ఎక్కడం.

జూలైలో ఒకరోజు దిగుతుంటే దాని పెదాలు కదలడం కనిపించింది. వంగి విన్నాను.

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

మా కొట్లో బియ్యం కొలిచేటప్పుడు మొదటి సోలకి ఒకటి అనరు. లాభం అంటారు. శుభమని. అమ్మ పక్కన కూర్చుని కూర్చుని పిల్లకి అదే లెక్క వచ్చేసింది. గచ్చకాయలైనా, మెట్లైనా, ఆకాశంలో కాకులైనా లాభంతోనే మొదలు.

తాళమే దొరికింది కదా, తలుపు తియ్యొచ్చుగా. తియ్యలేదు. ఆరోజు ఆఫీసులో మీటింగు ఉంది, బస్సు వేళయింది, నాకు తెలివి ఎక్కువ.

"ఒకటి అనాలి నాన్నా. లాభం అనేది బియ్యం కొలిచేటప్పుడు. కిండర్‌గార్టెన్‌లో ఇలా అంటే నవ్వుతారు" అన్నాను.

గీతాంజలి నా మొహం చూసి, తలూపింది. ఆ తర్వాత దాని పెదాలు కదల్లేదు. మర్నాడు కదల్లేదు. ఆ వారమూ కదల్లేదు. నేను పట్టించుకోను కూడా లేదు. పట్టించుకోకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆదివారాలు కొట్టుకి ఫోన్ చేసేవాళ్ళం. ఫోన్లో మాత్రం అది గలగలా మాట్లాడేది. ఆ ఆదివారం నేను వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ వింటున్నాను.

"అమ్మా, ఇక్కడ మెట్లు లెక్కపెట్టకూడదంట. సుమలత చెప్పింది. అక్కడ కొట్టు మెట్లు నువ్వే లెక్కపెట్టుకుంటా ఉండు. నేనొచ్చాక నాకు చెబుదువుగాని."

చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఫోన్ నా చేతికొచ్చింది.

"ఏమే, చదువుకున్నదానివి, దాని నోరెందుకే మూయించావు?" అంది అమ్మ. "పెళ్ళయ్యేదాకా నువ్వు చీర కుచ్చిళ్ళు కూడా లాభం, రెండు అనే పెట్టావు. మర్చిపోయావా?"

నిజంగానే మర్చిపోయాను. నాకు ఏడుపొచ్చింది. అమ్మకి వినబడకుండా, సరేలేమ్మా, కూర మాడుతోంది అని పెట్టేశాను. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

సోమవారం పొద్దున్న మొదటి మెట్టుమీద కాలు పెడుతూ "లాభం" అన్నాను పైకి. గీతాంజలి ఆగి చూసింది. "రెండు, మూడు" అని నేనే లెక్కపెట్టుకుంటూ ముప్పై రెండుదాకా వెళ్ళాను. మంగళవారమూ అంతే. ఒక్కదాన్నే పిచ్చిదానిలా లెక్కపెట్టాను. ఆరో అంతస్తులో చైనా ముసలాయన తలుపు తీసి మరీ చూశాడు. చూస్తే చూడనీ.

గురువారం నాకొక ఆలోచన వచ్చింది.

"పది, పదకొండు, పదమూడు" అన్నాను.

"పన్నెండు" అంది పక్కనుంచి చిన్న గొంతు.

"ఏంటి?"

"పన్నెండు మర్చిపోయావు సుమలతా."

నేను తల కొట్టుకున్నాను. అది నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వెనక్కి, పైకి లాగింది.

"ఎక్కడికి?"

"లెక్క తప్పితే మళ్ళీ మొదటినించీ కొలవాలి. అమ్మ గోతాంలో వెనక్కి పోసేసి మళ్ళీ కొలుస్తది."

కొట్లో పద్ధతి అదే. లెక్క తప్పిందని అనుమానమొస్తే అమ్మ అంతా వెనక్కి పోసేస్తుంది, ఎదురుగా ఎంతటి బేరం నిలబడినా సరే. మేము పన్నెండు మెట్లు వెనక్కెక్కి మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టాం. బస్సు వెళ్ళిపోయింది. పోతేపోయింది, నాకు ఆరోజు గాలిలో తేలుతున్నట్టుంది.

అప్పట్నుంచి రోజూ ఒక అంకె మర్చిపోయేదాన్ని. ఒకరోజు పంతొమ్మిది, ఒకరోజు ఇరవై ఆరు. అది ఒక్కటి కూడా వదలకుండా పట్టుకునేది. దాని లెక్క ఎప్పుడూ తప్పలేదు.

"నీకు లెక్కలు రావు" అంది ఒకరోజు దిగులుగా. "ఆఫీసులో నీకెవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు."

"పాపం" అంది.

సాయంత్రాలు ఎక్కేటప్పుడు పదహారో మెట్టు దగ్గర, అంటే ఆరో అంతస్తు మలుపులో, కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి ఎంఆర్‌టీ రైలు కనిపిస్తుంది. ఒక రైలు వెళ్ళేదాకా ఒక కబురు. తన క్లాసులో జియా హుయ్ అని ఒక పిల్ల ఉందట. చోటు ముందే పట్టుకుంటే ఇక్కడ చోప్ చెయ్యడమంటారు. "అది టిష్యూ ప్యాకెట్ పెట్టి నా కుర్చీ చోప్ చేసేసింది. అది నా కుర్చీ లా" అంది. నేను కూడా నా ఆఫీసు కబుర్లు చెప్పేదాన్ని. పక్కన కూర్చునే ఆయన మధ్యాహ్నం గురక పెడతాడంటే, ఎలా పెడతాడో చూపించమంది. మెట్లమీద కూర్చుని గురక పెట్టి చూపించాను. అప్పుడు నవ్వింది. నా కూతురు నవ్వితే కుడిబుగ్గమీద సొట్ట పడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సెప్టెంబర్లో ఒక సాయంత్రం నా చిటికెన వేలు పట్టుకుంది. ఇల్లు రాగానే వదిలేసింది. మెట్లమీది సంగతులు మెట్లమీదే.

ఇలాగే ఉంటే ఎంత బాగుండేది. నవంబర్ వచ్చింది. గడువు దగ్గర పడుతోందని ఆఫీసులో అందరికీ పూనకం పట్టింది. డిసెంబర్ ముప్పై ఒకటిదాకా ఎవరికీ సెలవుల్లేవు, ఆదివారాలు కూడా రావాల్సిందేనన్నాడు మేనేజరు. జనార్ధనరావుకి జకార్తాలో అంతకంటే ఘోరం, జనవరిదాకా రాలేనన్నాడు. నేను పిల్ల లేవకముందే వెళ్ళడం, పిల్ల పడుకున్నాక రావడం. ఆంటీ దాన్ని రాత్రులు కూడా తన ఇంట్లోనే పడుకోబెట్టుకుంది. మా మెట్లు ఖాళీ అయిపోయాయి.

ఒకరోజు ఆంటీ ఆఫీసుకి ఫోన్ చేసింది. "సాయంత్రం అయితే మెట్లమీదికి పోయి కూర్చుంటాది. రమ్మంటే రాదు. రైళ్ళు లెక్కపెడతాది. నేనేం చెయ్యాలమ్మా?"

అమ్మ మాటే నిజమైంది, పసిదాన్ని నలిపేస్తున్నాను. అన్నయ్య విశ్వేశ్వరరావు డిసెంబర్ మొదటివారంలో రాగానే, తీసుకెళ్ళిపో అన్నయ్యా అన్నాను. "రెండే నెలలు. ఈ హడావుడి తగ్గాక నేనే వచ్చి తెచ్చుకుంటాను." ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే, నాలుగేళ్ళ కిందట ఒక్క ఏడాదేనమ్మా అన్న గొంతు నాకే వినిపించింది. అమ్మ అప్పటికే బళ్ళో సీటు మాట్లాడి ఉంచింది.

గీతాంజలికి చెప్పాను. "సరే" అంది. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను ఏవేవో సిద్ధం చేసుకున్నాను. అమ్మ దగ్గరికే కదా వెళ్తోంది, దానికి సంతోషంగానే ఉంటుందనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

వెళ్ళే రోజు పొద్దున్న అన్నయ్య సూట్‌కేసు తీసుకుని టాక్సీ ఆపడానికి ముందే కిందికి వెళ్ళాడు. మేమిద్దరం తలుపు తాళం వేసి మెట్లదగ్గరికి వచ్చాం. చాలారోజుల తర్వాత. కొత్త గౌను, అమ్మ పంపిన తెల్ల రిబ్బన్లు. నా చిటికెన వేలు పట్టుకుంది.

"లాభం" అంది. "రెండు, మూడు..." ప్రతి మెట్టుమీదా రెండు కాళ్ళూ పెట్టి మరీ దిగుతోంది. "పది, పదకొండు, పదమూడు."

"పన్నెండు మర్చిపోయావు" అన్నాను.

"అయ్యో" అంది. వెనక్కి తిరిగి పైకెక్కింది. నేనూ ఎక్కాను.

"లాభం, రెండు..." ఈసారి ఆరో అంతస్తు దాటాం. "ఇరవై, ఇరవై రెండు" అంది. నేనేమీ అనలేదు, టైమవుతోంది. అదే ఆగిపోయింది. "ఇరవై ఒకటి వదిలేశాను సుమలతా. మళ్ళీ కొలవాలి." మళ్ళీ పైకి.

మూడోసారి ముప్పైదాకా వెళ్ళాం. కిందనుంచి లిఫ్టు తలుపు చప్పుడు వినిపిస్తోంది. "ముప్పై, ముప్పై రెండు" అని ఆగి, తలెత్తి నా మొహంలోకి చూసింది. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా లెక్క తప్పని పిల్ల. కళ్ళలో నీళ్ళు రానివ్వకుండా నా వంకే చూస్తోంది, నేను తప్పు పడతానా లేదా అని.

అప్పుడుగానీ నా మొద్దుబుర్రకి ఎక్కలేదు. నేను దాని గొంతు వినడానికి ఏం చేశానో, అది ఇక్కడ ఉండిపోవడానికి అదే చేస్తోంది. ఉంటానని నోటితో అడగడం దానికి రాదు. చుట్టం ఎలా అడుగుతుంది?

"తప్పింది" అన్నాను. "పద, మళ్ళీ కొలుద్దాం."

ఏడో అంతస్తుదాకా ఎక్కాం. ఈసారి నేను లెక్కపెట్టాను.

"లాభం, మూడు."

"తప్పు" అంది వెంటనే.

"లాభం, తొమ్మిది."

"తప్పు సుమలతా."

ఆ రెండో మెట్టుమీదే కూర్చుండిపోయాను. అది నా పక్కన కూర్చుంది, నా చెయ్యి మొత్తం తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. నేను ఏడ్చాను. అది కూడా ఏడ్చింది, సింగపూర్ వచ్చాక మొదటిసారి, వెక్కి వెక్కి, ముక్కు నా చీరకి తుడుచుకుంటూ. ఎత్తుకున్నాను.

అన్నయ్య రొప్పుకుంటూ పైకొచ్చాడు. "ఏంటే ఇది? టాక్సీవాడు తిడుతున్నాడక్కడ."

"అది రాదన్నయ్యా."

"అదన్నదా?"

"నేనంటున్నాను."

అన్నయ్య మా ఇద్దర్నీ చూశాడు. పిల్ల భుజానున్న సంచీ తీసి కింద పెట్టి, దాని రిబ్బను సర్ది, "అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో, నాకంత ధైర్యం లేదు" అని దిగి వెళ్ళిపోయాడు.

ఆరోజు ఆఫీసుకి వెళ్ళి, రేపట్నుంచి సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి వెళ్ళిపోతానని చెప్పాను. మేనేజరు నన్ను ఆ పనిలోంచి తీసి ఒక మూల కూర్చోబెట్టాడు. ఇంతా చేస్తే జనవరి ఒకటిన ఏమీ కాలేదు. దీపాలు వెలిగాయి, కుళాయిలో నీళ్ళొచ్చాయి, లిఫ్టు ఎప్పట్లాగే ఆ నాలుగుచోట్లే ఆగింది. గీతాంజలి ఇంకో ఏడాదిపాటు నన్ను సుమలతా అనే పిలిచింది. తర్వాత ఏ రోజున అమ్మా అందో, నేను గుర్తు పెట్టుకోలేదు.

గుర్తున్నది ఆ సాయంత్రం కొట్టుకి ఫోన్ చెయ్యడం. ఎవరో పనివాడు తీస్తాడనుకున్నాను. మొదటి రింగుకే అమ్మ తీసింది.

"బయల్దేరారా?" అంది.

"లేదమ్మా. పంపలేదు. ఇక్కడే ఉంటుంది."

తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"మీ మెట్లు ఎన్నే?" అంది.

"ముప్పై రెండు."

"లాభంతోనే మొదలుపెడుతున్నారుగా?"

"లాభంతోనే అమ్మా."

"సరే. కొలత తగ్గనివ్వకు" అని పెట్టేసింది.

ఆ మర్నాడు అమ్మ కొట్టు తెరవలేదని అన్నయ్య ఎప్పటికో చెప్పాడు.